ఇల్లుగా మారిన బస్సుకు కాపలా: బరంపురంలో జరిగిన ఒక చోరీ, ఆ తర్వాత చేసిన పని

ఈ కేసులోని వాహనం ఒకప్పుడు ఫ్యాక్టరీ సిబ్బందిని షిఫ్టులకు తిప్పిన బస్సు. ఒడిశాలోని పర్లాకిమిడిలో ఉంటున్న ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, ఆయన భార్య దాన్ని సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. సీట్లన్నీ తీయించి మంచం, వంట గట్టు, చిన్న స్నానాల గది, పైకప్పు మీద సోలార్ పలకలు పెట్టించుకుని దాన్ని ఇల్లుగా మార్చుకున్నారు. ఏడాదిలో కొన్ని నెలలు కోరాపుట్ కొండల్లోనో, గోపాల్‌పూర్ తీరంలోనో, సాలూరు ఘాట్ దిగి విజయనగరం వైపో వారి నివాసం అందులోనే. బంధువుల ఇంట పెళ్లికి వచ్చి, బరంపురం శివారులో పదహారో నంబరు జాతీయ రహదారికి దగ్గరగా ఉన్న ఒక ఖాళీ స్థలంలో బస్సు నిలిపి వెళ్లిన రాత్రి అందులో దొంగలు పడ్డారు. ఇంజను బ్యాటరీలు రెండూ, ఇన్వర్టరు, ల్యాప్‌టాప్, గ్యాస్ సిలిండరు, ట్యాంకులోని డీజిలు, కాగితాలు దాచుకున్న రేకు పెట్టె పోయాయి.

బస్సు బాడీ పని, ఆటో ఎలక్ట్రికల్ పని చేసే మా గ్యారేజీకి ఆ బస్సు మర్నాడు మరో బండి బ్యాటరీల సాయంతో వచ్చింది. మాస్టారు అడిగింది మంచి తాళాలు, గట్టి గ్రిల్లు. ఆయన భార్య అడిగింది వేరు. "బాబూ, ఈసారి మేం లోపల పడుకుని ఉండగా వస్తే?" అన్నారు. పని మొత్తం ఆ ప్రశ్న చుట్టూ తిరిగింది కాబట్టి దాన్ని ముందే చెబుతున్నాను. ఖాళీ బండికి పనికొచ్చే రక్షణ, మనుషులు నిద్రపోయే బండికి ప్రాణాంతకం కావచ్చు.

జరిగినదాని క్రమం

ఏ తాళమైనా బిగించే ముందు దొంగతనం ఏ వరసలో జరిగిందో తేల్చుకోవడం మా పద్ధతి. ఈ బండిలో ఆనవాళ్లు స్పష్టంగా మిగిలాయి. బస్సు పక్కనుండే బ్యాటరీ పెట్టె మూతకు ఉన్నది సాధారణ గడియ మాత్రమే. దాన్ని తీసి మొదట చేసిన పని కేబుళ్లు కోయడం. మాస్టారు కొని పెట్టుకున్న అలారానికి కరెంటు ఆ బ్యాటరీల నుంచే వస్తుంది కాబట్టి అది ఒక్క కూత కూడా కూయకుండా చచ్చిపోయింది. పాత రాగి, పాత సీసం ఎక్కడైనా తూకానికి అమ్ముడుపోతాయి గనుక బస్సు బ్యాటరీలు దొంగకు దాదాపు నగదుతో సమానం. వాటిని కోసుకుంటే అలారం కూడా పోవడం అతనికి అదనపు లాభం.

రెండో ఆనవాలు వెనుక అద్దం. అది పగల్లేదు. బస్సు వెనుక గడ్డి మీద బోర్లించి ఉంది, దాని పక్కన నల్లటి రబ్బరు పట్టీ చుట్ట చుట్టి పెట్టి ఉంది. పాత బస్సుల్లో ముందు, వెనుక అద్దాలను రబ్బరు బీడింగులో కూర్చోబెట్టి, ఆ బీడింగు గాడిలోకి సన్నటి పట్టీ ఒకటి దూర్చి బిగిస్తారు. పట్టీ కొసను స్క్రూడ్రైవర్‌తో పైకి లేపి లాగితే మొత్తం ఊడి వస్తుంది. ఆ తర్వాత బీడింగు వదులై, అద్దం రెండు చేతులకు అందుతుంది. అద్దాలు మార్చే మనిషి రోజూ చేసే పని అది. చప్పుడు ఉండదు, గాజు ముక్కలు ఉండవు, చేతికి గీత కూడా పడదు. ఈ పని చేసినవారికి బస్సులతో పరిచయం ఉందని దాన్నిబట్టి అర్థమైంది.

లోపలికి దూరిన మనిషి కుడి వైపు వెనుకనున్న అత్యవసర ద్వారాన్ని లోపలి పిడితో తీసి, బరువైన సామాను దాని గుండా దించాడు. మాస్టారు ఎంతో నమ్మకంగా తాళం వేసిన ముందు తలుపును ఎవరూ ముట్టుకోలేదు.

బస్సుకు ఎన్ని తలుపులు

ఇల్లు కట్టేవాడు దొంగ లోపలికి రాకుండా గోడ కడతాడు. బస్సు బాడీ కట్టేవాడికి ఉన్న కట్టుబాటు దానికి సరిగ్గా ఎదురు: ప్రమాదం జరిగితే లోపలి జనం క్షణాల్లో బయటపడాలి, బయటి జనం వాళ్లను లాగగలగాలి. ప్రయాణికుల తలుపు, అత్యవసర ద్వారం, పైకప్పు మూత, పగలగొట్టే కిటికీలు, వీటిలో చాలావాటికి బయటి నుంచి తెరిచే ఏర్పాటు కావాలనే పెడతారు. ఆ బండిని ఇల్లుగా మార్చి సామాను నింపినప్పుడు, జనాన్ని కాపాడాల్సిన ఆ దారులే దొంగకు దారులవుతాయి.

ఇక్కడే చాలామంది వెల్డింగ్ షాపుకు వెళ్తారు. కిటికీలన్నింటికీ ఇనుప చువ్వలు అతికిస్తే, వెనుక తలుపు సీలు చేయిస్తే సరిపోతుందనుకుంటారు. నేను ఆ పని చేయనని మాస్టారుకు మొదటిరోజే చెప్పాను. 2013 అక్టోబరు 30 తెల్లవారుజామున అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా పాలెం దగ్గర మంటల్లో చిక్కుకున్న బస్సులో 45 మంది చనిపోయిన సంగతి తెలుగువారెవరూ మరిచిపోలేదు. ఇల్లుగా మారిన బస్సులో ఆ ప్రమాదం ఇంకా ఎక్కువ, ఎందుకంటే ప్లైవుడ్డు, పరుపు, కర్టెన్లు, గ్యాస్ పొయ్యి, ఇన్వర్టరు, లిథియం బ్యాటరీ అన్నీ ఒకే గదిలో ఉంటాయి. అందుకని ఈ కేసుకు రెండు షరతులు రాసుకున్నాం. బయటి నుంచి తెరవడానికి ప్రతి దారికీ సమయం, చప్పుడు, పనిముట్టు మూడూ అవసరమవ్వాలి. లోపలి నుంచి ప్రతి దారీ తాళం చెవి లేకుండా, చీకట్లో, ఒక చేత్తో తెరుచుకోవాలి. రెండో షరతును ఉల్లంఘించే ఏ ఏర్పాటునూ, అది ఎంత గట్టిదైనా, ఈ బండిలో పెట్టలేదు.

ఆ లెక్కన బండి చుట్టూ నడిచి, బయటి వ్యక్తి చెయ్యి పెట్టగల ప్రతి చోటా సుద్దముక్కతో గుర్తు పెట్టాం. యజమానులకు ఒకటి రెండు చోట్లే తెలుసు. పైకప్పు గాలి మూతకు బయట పిడి ఉందనీ, వెనుకనున్న ఇనుప నిచ్చెన ఎక్కితే అది చేతికి అందుతుందనీ వారు గమనించలేదు. కింది లగేజీ డిక్కీల తాళాలు నాలుగు పలకల గూటం ఉన్న రకం. ఏ బస్సు క్లీనర్ జేబులోని 'టీ' చెవి అయినా వాటిని తిప్పుతుంది. డిక్కీలో ఒక మూల నేల పలక తీస్తే నేరుగా మంచం కిందికి రావచ్చు. బాడీ మార్చినవారు నీటి గొట్టాల కోసం కోసిన ఆ పలకను మేకులతో కూడా బిగించలేదు.

తలుపు

ముందు తలుపు గాలి ఒత్తిడితో మడతపడే రకం. దీని గుణం తెలుసుకోవలసిందే. బ్రేకులకు వాడే గాలి ట్యాంకుల నుంచే ఆ తలుపు సిలిండరుకు గాలి వెళ్తుంది. బండి రోజుల తరబడి నిలిపి ఉంటే సన్నటి లీకుల వల్ల ఒత్తిడి దిగిపోయి తలుపు దానంతటదే వదులవుతుంది. అది చాలదన్నట్టు, బయట తలుపు పక్కన చిన్న మూత కింద అత్యవసర వాల్వు ఉంటుంది. అది తిప్పితే మిగిలిన గాలి కూడా బుస్సుమని పోయి, రెక్కలను చేత్తో తోయవచ్చు. మాస్టారు ఆ రెక్కలకు గొలుసు చుట్టి తాళంకప్ప వేస్తున్నారు. లోపల పడుకున్నప్పుడు అదే గొలుసు లోపలి నుంచి చుట్టి, చెవిని దిండు కింద పెట్టుకునేవారట. పొగ నిండిన చీకట్లో దిండు కింద చెవి వెతికి, కప్ప తెరిచి, గొలుసు విప్పడం ఎవరికీ సాధ్యం కాదు.

ఆ తలుపును పూర్తిగా తీసి, బయటికి తెరుచుకునే ఒకే రెక్క తలుపు కట్టాం. చట్రం చదరపు ఇనుప గొట్టాలతో చేసి, బస్సు పక్క స్తంభాలకు బోల్టులతోనూ వెల్డింగుతోనూ కలిపాం. రేకుకు రివెట్టు కొట్టి వదిలేసిన చట్రం గునపం పోటుకు నిలవదు. బయటికి తెరుచుకునే తలుపుకు కీలు బయట ఉంటుంది, కీలు సూది కొట్టి తీసేస్తే ఎంత ఖరీదైన తాళమైనా వృథా. కాబట్టి సూదుల కొసలను వెల్డింగు చేసి, అదనంగా కీలు వైపు రెక్క అంచున రెండు ఉక్కు మేకులు నిలిపాం. తలుపు మూసినప్పుడు అవి చట్రంలోని రంధ్రాల్లో కూర్చుంటాయి. కీలు మొత్తం పోయినా రెక్క కదలదు. గడియ పైనా కిందా రెండు చోట్ల దిగుతుంది. బయట తాళం చెవి, లోపల చేత్తో తిప్పే పిడి. అద్దం పగలగొట్టి చెయ్యి దూర్చినా అందనంత దూరంలో ఆ పిడిని పెట్టాం. మొత్తం పనిలో ఎక్కువ ఖర్చు ఈ తలుపుకే అయింది, మళ్లీ చేయమన్నా మొదటి డబ్బు ఇక్కడే పెట్టమంటాను.

వెనుక అత్యవసర ద్వారం గురించి చాలాసేపు చర్చ జరిగింది. దాని బయటి పిడిని ఉంచితే దొంగకు దారి, తీసేస్తే కాపాడడానికి వచ్చినవారికి దారి లేదు. బయటి పిడిని తీసేసి, లోపలి పిడిని అలాగే ఉంచాం. దానికి బదులుగా ఆ తలుపు పక్క కిటికీని మాత్రం టఫెన్డ్ గాజుతో వదిలి, బయట ఎర్ర అక్షరాలతో ఒడియా, తెలుగు, ఇంగ్లీషు మూడింటిలోనూ 'అత్యవసర కిటికీ' అని రాయించాం. టఫెన్డ్ గాజు ఒక మూల సుత్తితో కొడితే రవ్వలుగా రాలిపోతుంది. దొంగ కూడా దాన్ని కొట్టగలడు, నిజమే. కొడితే పెద్ద చప్పుడవుతుంది, చెయ్యి దూర్చి తలుపు తీస్తే సైరను మోగుతుంది. ఆ మేరకు ప్రమాదాన్ని ఒప్పుకోవడమే మంచిదని యజమానులతో మాట్లాడుకుని నిర్ణయించుకున్నాం.

కిటికీలు

ఫిల్ము అతికించమని మాస్టారు అడిగారు. వాహనాల అద్దాలకు నల్ల ఫిల్ములు అతికించకూడదని సుప్రీంకోర్టు 2012లోనే చెప్పింది. మోటారు వాహన నిబంధనల ప్రకారం ముందు, వెనుక అద్దాల్లోంచి కనీసం 70 శాతం, పక్క అద్దాల్లోంచి కనీసం 50 శాతం వెలుతురు పోవాలి. రాష్ట్రం దాటిన ప్రతిసారీ చెక్‌పోస్టులో వాదించుకునే పరిస్థితి ఈ వయసులో వారికి ఎందుకు? లోపల మందపాటి తెరలు వేస్తే చూపు ఆగుతుంది. సామాను కనపడకపోవడం రక్షణలో సగం.

వెనుక పెద్ద అద్దాన్ని బీడింగు పద్ధతి మానేసి, లామినేటెడ్ గాజుతో, పాలీయురెథేన్ జిగురుతో చట్రానికి అతికించాం. కొత్త బస్సుల్లో ఇదే పద్ధతి. దాన్ని తీయాలంటే తీగ దూర్చి జిగురును కోసుకుంటూ పోవాలి, పగలగొట్టినా రెండు గాజుల మధ్యనున్న పొర పట్టి ఉంచుతుంది. అయితే లామినేటెడ్ గాజు మనం బయటపడడానికీ అడ్డమే. అన్ని కిటికీలకూ అదే వేయమని చెప్పేవారు ఉన్నారు. నా ఉద్దేశంలో అది ఇనుప చువ్వలకు ఏమీ తీసిపోని పొరపాటు. కదలని అద్దానికి మాత్రమే అది వాడాలి.

పక్కనున్న జరిపే అద్దాల బలహీనత వేరు. అల్యూమినియం గాడిలో అద్దాన్ని కొంచెం పైకెత్తితే కింది అంచు బయటికి వస్తుంది. పై గాడిలో చిన్న అడ్డుముక్క స్క్రూ చేస్తే అద్దం జరుగుతుంది గాని లేవదు. ఇంత తేలికైన పనికి ఎవరూ పూనుకోకపోవడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. మంచం పక్కనున్న రెండు కిటికీలకు లోపలి వైపు తలుపులా తెరుచుకునే గ్రిల్లులు పెట్టాం. ఒక వైపు కీలు, రెండో వైపు ఉంగరం ఉన్న సూది. ఉంగరం లాగితే సూది వస్తుంది, గ్రిల్లు గోడకు తిరుగుతుంది. బయటి నుంచి చెయ్యి పెట్టినా ఆ సూది అందకుండా చుట్టూ రేకు గూడు కట్టాం. అప్పగించే రోజు భార్యాభర్తలిద్దరినీ కళ్లకు గుడ్డ కట్టుకుని, మంచం మీద నుంచి లేచి సూది లాగి కిటికీ తెరవమన్నాం. ఆమెకు ఉంగరం వేలికి సరిపోలేదు. వేళ్లు వాచి ఉన్నప్పుడు పట్టుకోలేనన్నారు. ఉంగరం తీసి వెడల్పాటి నైలాను పట్టీ కట్టాం. ఇలాంటివి కాగితం మీద తేలవు, ఆ ఇంట్లో ఉండే మనిషి చేతితో చేయిస్తేనే తేలతాయి.

బ్యాటరీ పెట్టె, సైరను

బ్యాటరీ పెట్టెకు మందమైన రేకు మూత వేసి, తాళం కొక్కెం బయటికి పొడుచుకురాకుండా గూడులో కూర్చోబెట్టాం. కట్టరు దవడలకు కప్ప దొరక్కపోతే అతను గ్రైండరు తేవాలి, గ్రైండరు చప్పుడు ఊరంతా వినిపిస్తుంది. బ్యాటరీలను పట్టి ఉంచే పట్టీ బోల్టులు కింది వైపు నుంచి విప్పుకునేలా ఉన్నాయి. వాటిని పెట్టె లోపలికి తిప్పాం. పెట్టె అడుగున, పైన గాలి రంధ్రాలను మాత్రం మూయలేదు. సీసం బ్యాటరీలు చార్జయ్యేటప్పుడు వచ్చే హైడ్రోజన్ బయటికి పోవాలి. అదే విధంగా గ్యాస్ సిలిండరు గూడుకు తాళం వేసినా అడుగు రంధ్రాలను వదిలేశాం, ఎందుకంటే వంటగ్యాసు గాలికన్నా బరువైనది, లీకైతే కిందికే దిగుతుంది.

సైరను విషయంలో సూత్రం ఒక్కటే: దొంగ కోయగల తీగ మీద అది బతకకూడదు. సొంత చిన్న బ్యాటరీ ఉన్న సైరను తీసుకున్నాం. బయటి కరెంటు తెగిన మరుక్షణం అది మోగడం మొదలుపెడుతుంది. అంటే బ్యాటరీ కేబుల్ కోయడమే ఇప్పుడు అలారం బటను నొక్కడం. దాని స్థానం వంట గట్టు వెనుక, చెక్క బిగింపు విప్పితే గాని కనపడదు. శబ్దం బయటికి రావడానికి నేల దగ్గర జాలీ పెట్టాం.

కదలికను పసిగట్టే సెన్సర్లను పెట్టలేదు. హైవే పక్క నిలిపితే లారీ పోయిన ప్రతిసారీ బండి ఊగుతుంది. ఘాట్ రోడ్ల పక్క నిలిపితే కోతులు పైకప్పు మీద దూకుతాయి. రాత్రికి నాలుగుసార్లు ఊరికే మోగిన సైరనును చుట్టుపక్కలవారు ఐదోసారి పట్టించుకోరు, యజమాని తానే దాన్ని ఆపేసుకుంటాడు. అందుకని ముందు తలుపు, వెనుక ద్వారం, పైకప్పు మూత, ప్రతి డిక్కీ, బ్యాటరీ పెట్టె, వీటికి అయస్కాంత స్విచ్‌లు మాత్రమే పెట్టాం. మూత నిజంగా తెరుచుకుంటేనే మోగుతుంది. రాత్రి లోపల పడుకున్నప్పుడు కూడా అవి పనిచేస్తాయి. మంచం తలాపున ఒక ఎర్ర బటను ఉంటుంది, అనుమానం వస్తే దాన్ని నొక్కితే సైరను మోగుతుంది, అదే క్షణంలో బయటి దీపాలు వెలుగుతాయి. ఆమె అడిగిన ప్రశ్నకు మేము ఇచ్చిన జవాబుల్లో ఆ బటను ముఖ్యమైనది. లోపల మనుషులున్నప్పుడు దొంగను పట్టుకోవడం లక్ష్యం కాదు, అతను తనంతట తాను వెళ్లిపోవాలి. దానికి మించి ఏదీ ప్రయత్నించవద్దని ఇద్దరికీ గట్టిగా చెప్పాను.

బండినే తోలుకుపోతే

ఈసారి బ్యాటరీలు ఎత్తుకుపోయారు కాబట్టి బండి మిగిలింది. పాత బస్సుల ఇగ్నిషన్ తాళాలు అరిగిపోయి దగ్గరి పోలిక ఉన్న చెవికి కూడా తిరుగుతాయి. ఈ ఇంజనుది మెకానికల్ ఫ్యూయల్ పంపు. ఒకసారి స్టార్టయ్యాక దాన్ని ఆపడానికి పంపు మీద సోలెనాయిడ్ (కరెంటుతో కదిలే మీట) ఒకటే ఉంటుంది, దానికి 24 వోల్టులు అందినంతసేపే ఇంజను నడుస్తుంది. ఆ తీగలో ఒక రహస్య స్విచ్, స్టార్టరు తీగలో మరొకటి పెట్టాం. తెలిసిన మెకానిక్ బ్యాటరీ నుంచి నేరుగా తీగ లాగి వీటిని తప్పించగలడు. అందుకని గాలి బ్రేకుల మీద ఎక్కువ ఆధారపడ్డాం.

వెనుక చక్రాలకు స్ప్రింగ్ బ్రేకు ఉంటుంది. గాలి లేనప్పుడు బలమైన స్ప్రింగు చక్రాన్ని పట్టి ఉంచుతుంది, గాలి నిండితేనే వదులుతుంది. ఆ స్ప్రింగుకు గాలి వెళ్లే గొట్టంలో తాళం ఉన్న వాల్వు ఒకటి అమర్చాం. మూసి తాళం వేస్తే ఇంజను ఎంత తిప్పినా వెనుక చక్రాలు వదలవు. వాల్వు తెరిచి ఉన్నప్పుడు చెవి బయటికి రాదు, నడుస్తున్న బండిలో ఎవరూ పొరపాటున తిప్పకుండా దాని మీద మూత ఉంటుంది. బ్రేకు చాంబరు వెనుకనున్న బోల్టును పానతో తిప్పి స్ప్రింగును చేత్తో వెనక్కి లాగే వీలు ఉంది, బండి చెడిపోతే లాక్కుపోవడానికి పెట్టిన ఏర్పాటు అది. దాన్ని తీసేయడం సరికాదు. కాకపోతే బండి కిందికి దూరి రెండు వైపులా ఆ పని చేయడానికి సమయం పడుతుంది, సమయమే మనం కొంటున్నది.

ఫోనులో బటను నొక్కితే నడుస్తున్న ఇంజను ఆగిపోయే పరికరం పెట్టమని ఎంతోమంది అడుగుతారు, మాస్టారు కూడా అడిగారు. నేను పెట్టను. తప్తపాణి ఘాట్‌లోనో సాలూరు ఘాట్‌లోనో ఇంజను ఆగితే పవర్ స్టీరింగు పోతుంది, కంప్రెసరు ఆగి గాలి నిండడం మానుతుంది. ఎదురుగా వచ్చే బండిలో ఉన్నది ఎవరి పిల్లలో మనకు తెలియదు. నిలిచి ఉన్న బండి స్టార్టు కాకుండా ఆపడం వరకే మన హక్కు.

ట్రాకరు పెట్టాం, దానికీ సొంత బ్యాటరీ ఉంది. రాయగడ, కోరాపుట్ దారుల్లో చాలాచోట్ల మొబైల్ సిగ్నల్ ఉండదు కాబట్టి, సిగ్నల్ లేనప్పుడు స్థానాలను దాచుకుని దొరికినప్పుడు పంపే రకం తీసుకున్నాం. దాన్ని ఇంజను బ్యాటరీకి గాక ఇంటి లిథియం బ్యాటరీకి కలిపాం, ఆ బ్యాటరీ మంచం కింద ఉంటుంది. ఇనుప పెట్టెలో దాస్తే ట్రాకరుకు ఆకాశం కనపడదు, అందుకని పైకప్పు ఫైబరు మూత కింద దాచాం.

డీజిలు ట్యాంకు మూతకు తాళం అందరూ వేస్తారు. అడుగున డీజిలు దించే బిరడా, అంటే డ్రెయిన్ ప్లగ్, ఉందని మరిచిపోతారు. ఈ బండిలో డీజిలు దిగింది అక్కడి నుంచే, నేల మీద నూనె మరక సరిగ్గా దాని కింద ఉంది. ప్లగ్ మీద రేకు గిన్నెను తల విరిగే బోల్టులతో బిగించాం. బిగించేటప్పుడు తల తెగిపోయే అలాంటి బోల్టులనే సోలార్ పలకలకూ వాడాం. వెనుక నిచ్చెన కింది సగం కోసి, పైకి మడిచి తాళం వేసుకునేలా మార్చాం. డిక్కీలకు విడివిడి చెవుల తాళాలు, మంచం కింది నేల పలకకు లోపలి నుంచి గడియ. తాళంకప్పలు ఇత్తడి ఒళ్లు, స్టెయిన్‌లెస్ కొక్కెం ఉన్నవి, ఎందుకంటే గోపాల్‌పూర్ ఉప్పుగాలికి ఇనుప కప్పలు ఒక్క వానాకాలంలో బిగుసుకుపోతాయి.

కాగితాలు

బస్సును క్యాంపరుగా మార్చినప్పుడు మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ అధికారి అనుమతి కావాలి, మార్పు ఆర్‌సీలో ఎక్కాలి. వీరిది ఎక్కలేదు, పాత బస్సు వివరాలే ఉన్నాయి. బీమా కంపెనీకి తెలియని మార్పులున్న బండికి క్లెయిము దొరకడం కష్టం. మార్పు నమోదైనా, ఇన్వర్టరు, సోలార్ పలకలు వంటి అమరికల విలువను పాలసీలో విడిగా చూపించి ప్రీమియం కట్టాలి. బట్టలు, ల్యాప్‌టాప్, గిన్నెలు వాహన బీమాలోకి రావు, వాటికి వేరే పాలసీ తీసుకోవాలి. బండే పోతే రెండు అసలు తాళం చెవులూ చూపమంటారు, కాబట్టి రెండో చెవిని బండిలో ఉంచకూడదు. వీరు రేకు పెట్టెలో కాగితాలతో పాటు దాన్ని కూడా ఉంచారు. అందుకే ఇగ్నిషన్ తాళం మార్చడం తప్పనిసరైంది.

ఒడిశా, ఆంధ్ర సరిహద్దు దగ్గర తిరిగేవారు తెలుసుకోవలసింది ఇంకొకటి ఉంది. బరంపురంలో పోయిన బండి అరగంటలో ఇచ్ఛాపురం దాటగలదు, పర్లాకిమిడిలో పోయింది వంతెన దాటితే పాతపట్నం. ఫలానా స్టేషన్ పరిధి, ఫలానా రాష్ట్రం అని తిప్పించుకునే రోజులు చట్టం దృష్టిలో పోయాయి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు ఇవ్వవచ్చు. ఆన్‌లైన్‌లో పంపితే మూడు రోజుల్లో వెళ్లి సంతకం చేయాలి. ఇళ్లలో, రవాణా సాధనాల్లో జరిగే దొంగతనానికి భారతీయ న్యాయ సంహిత 305వ సెక్షన్ ఏడేళ్ల వరకు శిక్ష చెబుతుంది. ఫిర్యాదుకు కావలసిన ఇంజను నంబరు, చాసిస్ నంబరు, ఇన్వర్టరు, పలకల సీరియల్ నంబర్లు, బండి నాలుగు వైపుల ఫోటోలు ఒక కాగితం మీద ఇంగ్లీషులో రాయించి మాస్టారు కుమారుడి ఫోనులోనూ ఉంచాం. ఒడియా స్టేషన్‌లో తెలుగు కాగితం పట్టుకుని నిలబడ్డ ఉదయం ఆయనకు ఎంత సమయం పోయిందో విన్నాను. ఆర్‌సీ, లైసెన్సు, బీమా ఇకపై డిజిలాకర్‌లో ఉంటాయి, అక్కడ చూపే పత్రాలు చెల్లుతాయి.

ఘాట్ తర్వాత

మొదటి కొండ ప్రయాణం అయ్యాక బండి తెమ్మని ముందే చెప్పాం, ఎందుకంటే వంకర రోడ్డు మీద చాసిస్ మెలితిరుగుతుంది, బాడీ దానితో పాటు కదులుతుంది, అంగుళంలో చిన్న భాగం తేడా వచ్చినా గడియ రంధ్రంలో బిగుసుకుంటుంది. జయపురం దాకా వెళ్లి వచ్చాక చూస్తే తలుపు కింది గడియ అంచున రంగు గీసుకుపోయి మెరుస్తోంది, లోపలి పిడి తిప్పడానికి రెండు చేతులు పట్టాల్సి వస్తోంది. చట్రంలోని రంధ్రాన్ని నిలువుగా సాగదీసి అరగదీశాం, పిడిని ఇంకొంచెం పొడవు చేశాం. వెనుక ద్వారానికి అలాంటి ఇబ్బంది రాలేదు.

అదే ప్రయాణంలో ఒక రాత్రి, వారు లోపల ఉండగానే, డిక్కీ దగ్గర చప్పుడైందట. ఆమె లేచి తలాపు బటను నొక్కారు, దీపాలు వెలిగాయి, పరుగెత్తిన అడుగుల శబ్దం వినిపించింది. డిక్కీ తాళం చుట్టూ స్క్రూడ్రైవర్ గీతలు నేను చూశాను, మూత తెరుచుకోలేదు. వచ్చినవారు మొదటి చోరీ చేసినవారో కాదో తెలిసే అవకాశం లేదు. ఆ గీతల్లోకి తుప్పు దిగకుండా ప్రైమరు పూశాం.

పోయిన సామానులో ఇప్పటికి ఏదీ దొరకలేదు. ఆర్‌సీ మార్పుకు దరఖాస్తు పెట్టారు, బండిని తనిఖీకి తీసుకెళ్లవలసి ఉంది. వానాకాలం ముందు వస్తే కిటికీ సూదులు, సైరను బ్యాటరీ, బ్రేకు గాలి వాల్వు మరోసారి చూస్తాం. నైలాను పట్టీని ఎండ తినేస్తుంది కాబట్టి అది ఎలా ఉన్నా మార్చేస్తాం.